కొమ్ము తీసి గుడి పెట్టి

రాళ్లకొట్టు, వెనక షెడ్డు

ఒరేయ్ సైరన్,

నీకు పెళ్లయి, పిల్ల పుట్టి, నలుగురూ పాస్టరుగారూ అని చేతులు కట్టుకునే రోజులొచ్చినా నాకు నువ్వు సైరన్‌వే. ఉయ్యాల్లో నువ్వు ఏడుపు అందుకుంటే మిల్లు కూత వినపడేది కాదు. ఇప్పుడు ఆ గొంతు ఎక్కడ తాకట్టు పెట్టావో గానీ, నాలుగు ఉత్తరాలు రాస్తే ఒక్కదానికి బదులు.

అమ్మ సమాధికి రాయి దొరికింది. నున్నగా మెరిసే నల్లరాయి కాదు. అందులో చూసేవాళ్లకి వాళ్ల మొహమే కనపడుతుంది, అక్షరాలు కనపడవు. ఇది బూడిద రంగుది, కాస్త గరుకుగా ఉంటుంది. ఉలి ఆనిస్తే గలగల మాట్లాడుతుంది. మా మేస్త్రి దీన్ని వేరేవాళ్ల కోసం అట్టిపెట్టుకున్నాడు. నేను రెండు రోజులు మొహం మాడ్చుకుని తిరిగేసరికి "తీసుకెళ్లు తల్లీ, ముందు ఆ మొహం సరిచెయ్యి" అన్నాడు.

ఏం చెక్కాలో కూడా తేల్చుకున్నాను. పైన అమ్మ పేరు. కింద పెద్ద అక్షరాల్లో "యోబు భార్య".

ఉలిక్కిపడకు. మిల్లు గోడ కూలి పెద్దన్నయ్యా, పెద్దక్కా ఒకేసారి పోయినప్పటి నుంచి మన చర్చి అమ్మకి పెట్టిన పేరు అదే కదా. కుళాయి దగ్గర "యోబు భార్య వచ్చింది, జరగండి" అనేవాళ్లు. చర్చిలో ఆఖరి బెంచీ "యోబు భార్య బెంచీ" అయింది. బతికినంత కాలం పిలిచారుగా. ఇప్పుడు వచ్చి చదువుకోమను.

మీ చర్చి పెద్దలు ఒప్పుకుంటేనే రాయి సమాధుల తోటలోకి రానిస్తారట కదా. నువ్వు అడుగు. అడిగి రాయి.

అక్క

* * *

చర్చి వెనక ఇల్లు

అక్కకి,

ఇక్కడ అందరం క్షేమం. నీ మరదలు నీ ఉత్తరం నాకంటే ముందే చదివేసి వంటింట్లో నవ్వుకుంటోంది. నాకు నవ్వు రాలేదు.

నీ కోరిక పెద్దల ముందు పెట్టాను. అధ్యక్ష స్థానంలో ఎవరున్నారో నీకు తెలుసు, మిల్లు పెద్దాయన. అప్పటి యజమాని కొడుకే. ఆయన గొంతు పెంచలేదు. "పేరు, పుట్టిన రోజు, పోయిన రోజు. అంతకుమించి ఒక్క అక్షరం ఉన్నా రాయి గేటు దాటదు" అన్నాడు. మిగతావాళ్లు తలలూపారు.

నిజం చెప్పాలంటే నాకూ అదే మంచిదనిపించింది. యోబు కథ నీకు తెలియనిది కాదు. ఆస్తి పోయి, ఇల్లు కూలి పదిమంది పిల్లలు పోయి, ఒళ్లంతా కురుపులతో ఆయన బూడిదలో కూర్చుంటే, ఆ భార్య వచ్చి దేవుణ్ణి దూషించి చచ్చిపో అంది. సైతాను నోరు ఆమె నోరు ఒకటేనని పాత బోధకులంతా చెప్పారు. ఆ మచ్చ అమ్మ తలాపున మనమే ఎందుకు చెక్కాలి?

ఆ రోజు అమ్మ కడుపుకోతతో ఏదో అని ఉంటుంది. దేవుడు ఎప్పుడో క్షమించి ఉంటాడు. జనం కూడా నెమ్మదిగా మర్చిపోతారు. రాతి మీద ఎక్కిస్తే మర్చిపోవడం ఎలా?

నా ఉద్యోగం గురించి ఇది రాస్తున్నానని అనుకోకు.

పాపకి పళ్లొస్తున్నాయి. దొరికినదల్లా కొరుకుతోంది.

తమ్ముడు

* * *

రాళ్లకొట్టు

పాస్టరుగారికి,

సైరన్ అని రాయబుద్ధి కాలేదు.

"ఏదో అని ఉంటుంది" అంటావా? ఏమందో నీకు తెలుసా? నువ్వప్పుడు అమ్మ చంకలో ఉన్నావు. నేను కొంగు పట్టుకుని పక్కన నిల్చున్నాను. నా చెవులతో విన్నాను. నువ్వు అడుగుతావని ఇన్నేళ్లూ చూశాను. అడగకుండానే క్షమాపణ కూడా ఇప్పించేశావు.

విను. చర్చిలో రెండు శవపెట్టెలు పక్కపక్కన ఉన్నాయి. అప్పటి పాస్టరు "ఇచ్చినవాడే తీసుకున్నాడు, ఆయన చిత్తం" అన్నాడు. మిల్లు యజమాని ముందు వరసలో కళ్లు తుడుచుకుంటున్నాడు. ఆ గోడ నెర్రెలిచ్చిందని పనివాళ్లు ఎన్నిసార్లు చెప్పారో ఆయనకే తెలుసు. అప్పుడు అమ్మ లేచింది. అరవలేదు. ఇంట్లో మనతో మాట్లాడినట్టే అంది:

"దేవుడు తీసుకోలేదండీ. గోడ పడింది. మీ గోడని ఆయన మీదకి తొయ్యకండి."

అంతే. అంతకు ఒక్క మాట ఎక్కువ లేదు. అది దూషణా? నా మట్టిబుర్రకి అది దేవుడి తరఫున మాట్లాడటంలా వినపడింది. చర్చికి మాత్రం తిట్టులా వినపడింది. వినాలనుకున్నదే వినపడుతుంది మరి. దేవుణ్ణి తిట్టిందని బయటికి వెళ్లేలోపే పేరు పెట్టేశారు. అమ్మ మళ్లీ అక్కడ నోరు విప్పలేదు. చర్చి మాత్రం మానలేదు. "ఆయనతో నాకు గొడవ లేదే" అనేది.

ఇక నీ యోబు సంగతి. ఈ మధ్యాహ్నం అన్నం మానేసి ఆ కథంతా చదివాను. ఆ పదిమంది పిల్లలు యోబు ఒక్కడికే పుట్టారా? ఆమె మోయలేదా? కురుపులు ఆయనకి వచ్చాయి సరే, ఆయన పక్కన నిలబడి చూసిందెవరు? స్నేహితులు ముగ్గురు వచ్చి పేజీలకి పేజీలు చెవులు చిల్లులు పడేలా ఉపన్యాసాలిస్తారు. ఆమెకి మాత్రం ఒక్క ముక్క. పేరు కూడా లేదు. చివర్లో దేవుడు వచ్చి ఎవరి మీద కోప్పడ్డాడు? ఆ ముగ్గురి మీద. ఆమెని ఒక్క మాట అనలేదు. దేవుడే అననిది మీరెవరు అనడానికి? ఆఖర్న మళ్లీ పదిమంది పుట్టారని సంబరంగా రాశారు. ఎవరు కన్నారో రాయడానికి మాత్రం సిరా అయిపోయింది పాపం.

నువ్వు బోధకుల బడిలో హీబ్రూ నేర్చుకోవడానికి ఎన్నేళ్లు తలగోక్కున్నావు! ఆ చదువు ఏ అటక మీద పెట్టావు? దించు. ఆమె ఏమందో ఆమె భాషలోనే చూసి నాకు చెప్పు.

అక్క

* * *

చర్చి వెనక ఇల్లు

అక్కా,

ఉత్తరం అందింది. ఆలస్యానికి ఏమీ అనుకోకు. పాపకి జ్వరం, తర్వాత నాకు. కప్పు మీద రేకు ఒకటి లేచిపోతే ఎక్కి సరిచేశాను. నీ మరదలు కింద నిలబడి నిచ్చెన కంటే నన్నే ఎక్కువ తిట్టింది.

అమ్మ అన్న మాట నాకు తెలియదు. నువ్వు రాసింది చాలాసార్లు చదివాను. దాని గురించి ఇప్పుడేమీ రాయలేను.

నువ్వు చూడమన్నది చూశాను. అందులో ఒక మాట ఉంది. దాని గురించి తీరిగ్గా మాట్లాడుకుందాం. ఉత్తరంలో రాసేది కాదు. తొందరపడి ఏమీ చెక్కకు.

తమ్ముడు

* * *

రాళ్లకొట్టు

ఒరేయ్,

"ఒక మాట ఉంది" అని నీళ్లు నములుతావా? ఉంటే చెప్పు, లేకపోతే లేదను. జ్వరం, రేకు, నిచ్చెన అన్నీ రాయడానికి చేతులొచ్చాయి గానీ ఆ ఒక్క మాట రాయడానికి రాలేదేం?

నేను ఆగను. మెట్టు మాత్రం ఒకటి దిగాను, నీ కోసమే. అమ్మ పేరు చెక్కాను. దాని కింద "యోబు భార్య" చెక్కాను. దాని కింద "దేవుణ్ణి దూషించలేదు" అని సుద్దతో గీశాను. చూసినవాళ్లకి అనుమానం లేకుండా. "దేవుణ్ణి" అయిపోయింది. వచ్చే వారం తర్వాతి మాట ఎత్తుకుంటాను. కాగితం మీద అయితే కొట్టేసి రాయొచ్చు. రాతిలో దిగింది మళ్లీ పైకి రాదు. నీ మాట ఏదైనా ఉంటే ఈలోపే చెప్పు.

అక్క

* * *

చర్చి వెనక ఇల్లు

అక్కా, ఉలి ఆపు.

ఈ ఉత్తరం లారీ క్లీనరు చేతికిచ్చి పంపుతున్నాను, తపాలా మీద నమ్మకం లేక. ఆమె "దూషించు" అనలేదు. అక్కడ ఉన్న మాటకి అర్థం "దీవించు".

నేనేమీ కొత్తగా కనిపెట్టలేదు. చదువుకున్న బోధకులందరికీ తెలుసు. హీబ్రూలో ఆమె అన్నది అక్షరాలా "దేవుణ్ణి దీవించి చచ్చిపో". మరి దూషణ ఎక్కడి నుంచి వచ్చిందంటే, దేవుడి పేరు పక్కన తిట్టు రాయడానికి పాత లేఖకులకి చెయ్యి రాక, తిట్టు ఉండాల్సిన చోట దీవెన రాసేవాళ్లట. చదివేవాడు తిరగేసుకుని అర్థం చేసుకోవాలట. ఇది గాలిమాట కాదు. అదే కథలో, ఉన్నదంతా పోతే యోబు నిన్ను తిడతాడని సైతాను దేవుడితో పందెం వేసేటప్పుడు అదే మాట వాడతాడు, అక్కడ దీవెన అనుకుంటే కథే నడవదు. కాబట్టి ఆమె నిజంగా తిట్టి ఉండవచ్చు కూడా. నీ దగ్గర అబద్ధం ఆడను.

కానీ ఇది చూడు. పిల్లలు పోయిన కబురు విని యోబు నేల మీద పడి, దేవుడి నామానికి దీవెన కలగాలి అంటాడు కదా? అక్కడున్నదీ అదే మాట. అక్కడ ఎవరూ తిరగేయలేదు. మొగుడు అంటే దీవెన, పెళ్లాం అంటే దూషణ. ఒకటే మాట! వేల ఏళ్లుగా ఎంతమంది చదివారు, ఆమె ఉన్నదున్నట్టే అని ఉంటుందేమోనని ఆగి ఆలోచించినవాళ్లు ఎంతమంది? దేవుణ్ణి దీవించుకుని ఇక సెలవు తీసుకో అని, ఆయన బాధ చూడలేక అందేమో. తెలియదు. తెలియనప్పుడు తెలియదనాలి గానీ తీర్పు చెప్పకూడదు.

ఇంకొకటి. ఏసు పుట్టకముందే ఈ కథని గ్రీకులోకి తెచ్చినవాళ్లు ఉన్నారు. వాళ్లకీ నీలాగే అనుమానం వచ్చినట్టుంది, ఆమెకి ఇంకాస్త పెద్ద మాట ఇచ్చారు. ఏం మాటనుకున్నావు? నా పురిటినొప్పులన్నీ వృథా అయిపోయాయి, నేను కూలికి ఇంటింటికీ తిరుగుతున్నాను, పొద్దు ఎప్పుడు వాలుతుందా, నా నడుం ఎప్పుడు వాలుస్తానా అని ఎదురుచూస్తున్నాను అంటుంది. చివర్లో దేవుణ్ణి ఏదో ఒక మాట అనేసి చచ్చిపో అనడం మాత్రం వాళ్లూ ఉంచారు. అయినా అది చదువుతుంటే మిల్లు నుంచి వచ్చి గడప మీద కూలబడే అమ్మే కనిపించింది. పుస్తకం మూసేసి ఏడ్చాను. పాప బిత్తరపోయి చూసింది.

నీకు ముందే రాయకపోవడానికి కారణం భయం. రాస్తే నువ్వు ఊరుకోవు. నువ్వు ఊరుకోకపోతే నేను ఊరుకోలేను. అది తెలిసే దాటేశాను.

మొన్న ఆదివారం ఇదంతా వేదిక మీద చెప్పేశాను. అమ్మ అన్న మాట కూడా చెప్పాను, నువ్వు రాసింది రాసినట్టు, గోడతో సహా. సైరన్ మోగిందే అక్కా! వెనక బెంచీల్లో మిల్లు ముసలమ్మలు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. ముందు వరస లేచి బయటికి పోయింది.

సాయంత్రమే కబురొచ్చింది. వచ్చే ఆదివారం ఆ మాటలు వెనక్కి తీసుకోవాలి, లేదా ఇల్లు ఖాళీ చెయ్యాలి. నేను నీ మరదలి మొహం చూశాను. ఆవిడ లేచి గోడకున్న మేకులు పీకడం మొదలుపెట్టింది. అదే మా జవాబు.

రాయి పంపు. మాట మార్చి పంపు.

సైరన్

* * *

రాళ్లకొట్టు

నా బంగారు సైరన్,

లారీవాడు నీ ఉత్తరం ఇచ్చేసరికి నా నుదుటి నిండా రాతిపొడి. చదువుతూ చదువుతూ మొహమంతా బురద చేసుకున్నాను. మా మేస్త్రి ఎవరైనా పోయారేమోనని పరిగెత్తుకొచ్చాడు. "లేదు, ఒకడు మళ్లీ బతికాడు" అన్నాను.

ఉలి ఆపమన్నావు. ఆపే సమయానికి "దూ" దిగిపోయింది. మిగతా అక్షరాలు ఇంకా సుద్దలోనే ఉన్నాయి.

కాసేపు తల పట్టుకు కూర్చున్నాను. ఒక్క అక్షరం చెరపాలన్నా రాయి మొహమంతా ఒక పొర దింపాలి. అప్పుడు అమ్మ పేరు కూడా పోతుంది. అది నావల్ల కాదు. చూస్తూ చూస్తూ ఉంటే నాకే నవ్వొచ్చింది. "దూ"కీ "దీ"కీ ఏముంది తేడా? ఒళ్లు ఒకటే, ద. పక్కన కొమ్ము తగిలిస్తే దూషణ, నెత్తిన గుడి పెడితే దీవెన. మన చర్చి ఇన్నాళ్లూ అమ్మకి చేసింది ఇదే కదరా! గుడి తీసేసి కొమ్ములు పెట్టారు. నేను కొమ్ము తీసి గుడి పెడుతున్నాను.

కొమ్మునీ దాని దీర్ఘాన్నీ రాతిపొడి, జిగురు కలిపి పూడ్చాను. తలకట్టు మీదే గుడి దీర్ఘం లోతుగా దించాను, బాగానే కప్పేసింది. తర్వాత "వించింది" చెక్కాను. కొమ్ము ఉన్న చోట కాస్త ఖాళీ మిగిలింది, "దీ" ఒక అడుగు దూరంగా నిలబడినట్టుంటుంది. అమ్మ ఎప్పుడూ అలాగే కదా నిలబడింది.

ఒక సంగతి ముందే చెబుతున్నాను. ఎండలో పూడ్చిన చోటు కనపడదు. రాయి తడిస్తే మాత్రం ఆ చోటు ముదురు రంగుకి తిరుగుతుంది, కొమ్ము మళ్లీ తేలుతుంది. ఇంకా మంచి జిగురు తెప్పిస్తానన్నాడు మేస్త్రి. వద్దన్నాను. నీ హీబ్రూ మాట రెండు రకాలుగానూ ఉందన్నావుగా. నా రాయి కూడా ఏదీ దాచదు.

వాన్ మాట్లాడాను. రాయితో పాటు నేనూ వస్తున్నాను. గేటు దగ్గర ఎవడు అడ్డం నిలబడతాడో నేనూ చూస్తాను. రెండు బస్తాల సిమెంటు తెచ్చి ఉంచు. మరదలికి చెప్పు, మేకులు పారెయ్యొద్దని, కొత్త ఇంటికి పనికొస్తాయి.

అక్క

* * *

రెండు గదుల అద్దె ఇల్లు, మిల్లు వెనక వీధి

అక్కా,

నువ్వు వెళ్లిపోయాక ఇల్లు బోసిపోయింది. పాప ఇంకా నీ సుత్తి కోసం వెతుకుతోంది, ఏం దొరికినా గోడకేసి కొడుతోంది. ఇంటివాడు నన్ను చూసి నిట్టూర్చి పోతున్నాడు.

ఆ రోజుది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. తాళం వేసిన గేటు దగ్గర నువ్వు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడటం, సమాధులు తవ్వే తాత "చర్చి వాళ్లది, తాళంచెవి నాది" అని గొణుగుతూ తెరవడం. పెద్దలు కబురందుకుని వచ్చేసరికి రాయి నిలబడిపోయింది. సిమెంటు పచ్చిగా ఉందని, లాగితే వచ్చేస్తుందని ఒకాయన అన్నాడు చూడు, అప్పుడు కదా ముసలమ్మలు వచ్చి రాయి చుట్టూ కూర్చున్నది. ఎవరూ పాట పాడలేదు, ప్రార్థన చెయ్యలేదు. మోకాళ్ల నొప్పుల గురించి, కోడళ్ల గురించి కబుర్లు చెప్పుకుంటూ సిమెంటు గట్టిపడేదాకా కదల్లేదు. ఆ ఆడవాళ్లని పక్కకి జరగమనే ధైర్యం ఏ పెద్దకీ లేకపోయింది.

నా పని పోయిన మాట నిజమే. ఒక గోదాములో లెక్కలు రాస్తున్నాను. ఆదివారం కొంతమంది ఇక్కడికే వస్తున్నారు. చోటు చాలక కిటికీలో కూడా కూర్చుంటున్నారు. ఆఖరి బెంచీ అన్నది లేదు, అసలు బెంచీలే లేవు.

ఇప్పుడు అసలు విషయం. నిన్న మొదటి వాన పడింది. నీ జిగురు సంగతి గుర్తొచ్చి చూసొద్దామని వెళ్లాను. అక్కడ మిల్లు పెద్దాయన ఉన్నాడు. ఒక్కడే, గొడుగు పట్టుకుని, రాయి మీదకి వంగి చదువుతున్నాడు. కొమ్ము నల్లగా తేలి ఉంది, పైన గుడి లోతులో నీళ్లు నిలిచి మెరుస్తున్నాయి.

"తప్పు పడినట్టుందే" అన్నాడు, నన్ను చూసి.

"పడిందండీ. మనం ఇన్నాళ్లూ చదివింది అది. దిద్దుకున్నది పైన ఉంది" అన్నాను.

ఆయన ఇంకాస్త వంగి పైనున్న గుడిని చూశాడు. తర్వాత, "ఇంతకీ ఆ రోజు ఆవిడ ఏమంది? నేను ఊళ్లో లేను. నాన్న చెప్పిందే విన్నాను. ఆ ఆదివారం నువ్వు ఆ మాట దాకా వచ్చేసరికి నేను బయటికొచ్చేశాను" అన్నాడు.

చెప్పాను. దేవుడు తీసుకోలేదండీ, గోడ పడింది, మీ గోడని ఆయన మీదకి తొయ్యకండి. వానలో వినపడదేమోనని గట్టిగానే చెప్పాను. నువ్వు అక్కడ ఉంటే నా గొంతు విని మురిసిపోయేదానివి.

ఆయన గొడుగు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. ఇటు చూడకుండా, చిన్న గొంతుతో, "ఆ గోడ మా నాన్న కట్టించిందే" అన్నాడు.

ఇన్నేళ్లలో ఆ ఇంటి నుంచి ఆ మాట రావడం అదే మొదలు. నాకు జాలి వెయ్యాలేమో. వెయ్యలేదు.

"మళ్లీ అనండి, ఆవిడకి వినపడాలి" అన్నాను.

గొడుగు కిందికి దించి, రాయి వైపు తిరిగి, మళ్లీ అన్నాడు.

సైరన్